గెలిచేదాకా ఎవరి తిండి

“గెలిస్తే జీతమొస్తది, సరే... గెలిచెదాంక మనకు ఎవలు పెడ్తరురా?”

అమరేష్ ఇంకా చెప్పులైనా విడవలేదు, నోరైనా తెరవలేదు. కొడుకు ముఖం చూడగానే చెన్నబసమ్మ గుండెలోని మాట బయటపడింది. ఆమె భయపడ్డదే నిజమైంది... ఎమ్మెల్యేకు నిలబడాలంటే సర్కారు నౌకరీ వదలాలట, కల్హేర్ బడిలో రాజీనామా ఇచ్చి వచ్చాడట. ఎమ్మెల్యే జీతం పెద్దదేనట. కానీ అది గెలిచినవాడికి కదా! ఓట్లు పడేదాకా ఊళ్ళు తిరిగే పంతులు ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా? భూములూ బండ్లూ ఉన్నవాళ్ళే నిలబడేది ఇందుకేనేమో...

రోడ్ల కాంట్రాక్టరు శివరాజ్ వచ్చి, ఖర్చంతా తాను చూసుకుంటానన్నాడు. వద్దన్నానని అమరేష్ చెప్పాడు. తల్లి నమ్మలేదు. జీతం ఆగిన ఇంట్లోకి జొన్నలు ఎక్కడినుంచి వస్తున్నాయి? నూనె డబ్బా ఎవరు కొన్నారు? కోడలు సుమంగళ రోజూ పొద్దెక్కాక ఎటో పోతుంది, చేతులు కొంగులో దాచుకొని వస్తుంది, అడిగితే తల దించుకుంటుంది. కొడుకేమో అలసి వచ్చి పెట్టింది తిని పడుకుంటాడు, ఎక్కడిదని అడగడు. శివరాజ్ సొమ్మే కోడలు చాటుగా తెస్తున్నదని ఆమెకు రూఢి అయిపోయింది. 

సోమవారం అమరేష్ స్నానం చేసి, మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టుకొని పూజకు కూర్చున్నాడు. లింగం చేతిలో ఉండగా ఆ ఇంట్లో ఎవరూ అబద్ధమాడరు. చెన్నబసమ్మ ఆ వేళ కోసమే కాచుకుంది.

“ఇగ చెప్పు కొడకా. మనం ఎవలది తింటున్నం? శివరాజ్‌దేనా?”

అతను నోరు తెరిచేలోపే సుమంగళే ముందుకొచ్చి కొంగు తీసింది. రెండు చేతుల నిండా పెనం కాల్చిన బొబ్బలు...

“నాది తింటున్నం అత్తమ్మా. బస్టాండ్ కాడ ఇంద్రమ్మ హోటల్ల జొన్నరొట్టెలు చేస్తున్న. ఇజ్జత్ పోతదంటవని చెప్పలే. వానిది తింటే, గెలిచినంక వాడు సూపెట్టిన కాడల్లా ఈయన సంతకం పెట్టాలె గద.”

చెన్నబసమ్మ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ పిల్లనా తాను ఇన్నాళ్ళూ దొంగలా చూసింది! ఆ చేతులను ఒడిలోకి తీసుకొని ఏడ్చింది... ఏడుస్తూనే కొడుకు వైపు చూసింది. అతను తలెత్తలేదు. పోయిందనుకున్న అనుమానం మళ్ళీ లేచింది.

“నువ్వు శివరాజ్‌ను వద్దన్న మాట నిజమే గద బిడ్డా?”

అమరేష్ అరచేతిలోని లింగాన్ని చూశాడు. సుమంగళ భర్త వైపు తిరిగింది.

“అప్పుడు వద్దన్న అవ్వా,” అన్నాడు. “నిన్న ప్రచారం బండ్లకు, డీజిల్‌కు పైసలు దొరకక వానికి సరే అన్న... గీ చేతులు నేను సూడలే.”