వెనకర్రలో ఇసుర్రాయి

సూర్యాపేట అంగడి వెనక సందులో ఒక పాత ఇల్లు ఉండేదట. ఎవరో షావుకారుది. రజాకార్ల గడబిడలో తాళం వేసి పట్నం పోయినవాడు మళ్ళీ రాలేదు. ఆ ఇంటి వెనక గదిని వెనకర్ర అనేవాళ్ళు. దాని మాట ఎత్తితే చాలు, పొద్దుగూకినాక ఆ సందున పోయేవాళ్ళు తువాలు నెత్తికి చుట్టుకుని అడుగు పెద్దది చేసేవాళ్ళట.

షావుకారు చిన్నకోడలు ఆ అర్రలోనే, ఇసుర్రాయి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం విడిచిందని... అప్పటినుంచి ఊరు సద్దుమణిగితే చాలు, ఆ రాయి దానంతటదే తిరుగుతుందని చెప్పుకునేవాళ్ళు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు అదే ఇంటిని షావుకారు బంధువుల దగ్గర కిరాయికి తీసుకుని, పంతులమ్మ ట్రైనింగుకు వచ్చిన ఆడపిల్లలకు హాస్టల్ పెట్టారు. కోదాడ నుంచి వచ్చి అందులో చేరిన వాళ్ళలో మా అమ్మ లక్ష్మి ఒకతె. ఈ ముచ్చట ఆమె చెప్పిందే. తన ధైర్యం గురించి చెప్పుకున్నది మాత్రం సగానికి తగ్గించి రాస్తున్నాను.

హాస్టల్ వార్డెన్ పేరు యాదమ్మ. మిర్యాలగూడ మనిషి. నవ్వితే పళ్ళు అరిగిపోతాయన్నట్టు ఉండేదట. పిల్లలు వచ్చిన రోజే వసారాలో నిలబెట్టి చెప్పింది— "ఏడ్చేది ఉంటే ఇంటికాడనే ఏడ్చి రావాలె. గీడ ఏడుపులు బంద్."

వెనకర్ర తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. "అటు దిక్కు పోకుండ్రి. అది మంచిది కాదు," అన్నది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే పిల్లలకు ఇంకా ఎక్కువ తెలిసింది.

రాత్రి కందీలు వత్తి తగ్గించి పడుకున్నాక వచ్చేది ఆ చప్పుడు.

గర్ర్... గర్ర్...

కాసేపు ఆగేది. మళ్ళీ మొదలయ్యేది. మా అమ్మ దుప్పటి ముసుగేసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచేదట. తెల్లారి అడిగితే మాత్రం "నాకేం వినపడలేదు, నేను మొద్దునిద్ర" అనేది.

ఆమె పక్క చాప రూతమ్మది. మోతె అనే ఊరి పిల్ల. ఊళ్ళో ఆడపిల్లలకు అక్షరం చెప్పే మనిషి లేదని, నువ్వే చదివి రావాలని, వాళ్ళ నాయిన యేసయ్య పట్టుబట్టి పంపించాడు. కానీ ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాత్రి కూడా అమ్మ పక్క విడిచి పడుకున్నది కాదు. పళ్ళెం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు తడిసేవి. యాదమ్మ అటు వస్తే మాత్రం కళ్ళలో నలక పడిందనేది.

"రోజూ రెండు కళ్ళల్ల పడ్తదా నీకు నలక?" అనేదట యాదమ్మ.

ఇగ ఓపలేక, అంగడికి వచ్చిన ఊరాయన కనపడితే రూతమ్మ కబురు పంపింది. "మా నాయినను బండి కట్టుకొని రమ్మను. నాతోని అయితలేదు."

రేపు పొద్దున వస్తున్నానని యేసయ్య తిరుగు కబురు చేశాడు. ఆ రాత్రి రూతమ్మ బట్టలు మూట కట్టి తలాపున పెట్టుకుంది. అందరూ పడుకున్నారు.

గర్ర్... గర్ర్...

మా అమ్మ ముసుగు బిగించింది. ఇంతలో పక్కన చాప కదిలిన చప్పుడైంది. ముసుగు సందులోంచి చూస్తే— రూతమ్మ లేచి కూర్చుంది. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి వింటోంది.

"లచ్చిమీ... మా అమ్మ ఇసురుతున్నట్టే ఉన్నది."

దయ్యాలు అయినవాళ్ళ గొంతుతో పిలుస్తాయని మా అమ్మ విన్నదే కానీ, ఇసుర్రాయితో పిలుస్తాయని వినలేదు.

"వెళ్ళొద్దు రూతమ్మా. నీకు దణ్ణం పెడతాను."

రూతమ్మ వినలేదు. నిద్రలో నడిచినట్టు లేచి నడిచింది. ఒక్కతే ఉండటం కంటే వెంట పోవడమే నయమనిపించి, మా అమ్మ ఆమె కొంగు పట్టుకుని బయల్దేరింది. దీన్నే ఆమె ధైర్యం అంటుంది.

వసారా దాటారు. వాకిలి దాటారు. చప్పుడు దగ్గరైంది... వెనకర్ర తలుపుకు తాళం లేదు. సందులోంచి సన్నటి వెలుగు.

రూతమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. అది కిర్రుమంది.

చప్పుడు ఆగింది.

లోపల... అటు తిరిగి కూర్చున్న ఒక ఆకారం. విరబోసుకున్న జుట్టు నేలను తాకుతోంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా... మనిషి చేతులు కానంత తెల్లగా...

మా అమ్మ రూతమ్మ కొంగును రెండు చేతులా లాగింది.

ఆ ఆకారం మెల్లగా భుజాలు ఎగరేసి... ముక్కు చీదింది.

"తలుపెయ్యుండ్రి. గాలికి కందీలు ఆరిపోతది," అంది ఇటు తిరగకుండానే.

యాదమ్మ గొంతు.

మా అమ్మ అక్కడే గడప మీద చతికిలబడింది. యాదమ్మ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుడుచుకున్న చోటల్లా చెంపల మీద జొన్నపిండి చారలు.

"మీరా... ఇన్ని రోజులు?" అంది రూతమ్మ.

"మరి రోజూ తినే రొట్టెల పిండి యాడికెళ్ళి వస్తుందనుకున్నరు? పిండి గిర్నిల పట్టిచ్చిందనుకున్నరా?"

ఇన్నాళ్ళూ దయ్యం పిండి తిని అరిగించుకున్నామా అని మా అమ్మ కడుపు తడుముకుందట.

యాదమ్మ రాయి చుట్టూ పడిన పిండిని చేత్తో దగ్గరికి ఊడ్చింది. తర్వాత చాలా చిన్న గొంతుతో చెప్పింది. "ఇంటికాడ రోజూ ఇసిరేదాన్ని. మా అత్త అటు, నేను ఇటు. ఆమె పోయినంక ఇంట్ల ఉండబుద్ధి గాక ఈ నౌకరీకి వచ్చిన. ఈడికి వస్తే నిద్ర వస్తలేదు. రాయి పట్టుకుంటే జర నిమ్మళమైతది."

"మరి దయ్యమని ఎందుకు భయపెట్టిండ్రు?" అని అడిగింది రూతమ్మ.

"నేను అనలే. మీరనుకున్నరు, నేను కాదనలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వార్డెనే ఇల్లు యాదికొచ్చి ఏడుస్తుందని తెలిస్తే, ఇగ మిమ్ములను ఆపేదెవరు?"

రూతమ్మ లోపలికి పోయింది. రాయికి అవతల పక్క కూర్చుని, కొయ్య పట్టుకుంది. యాదమ్మ ఆమె ముఖం చూసి, గుప్పెడు జొన్నలు రాయి గుంతలో పోసింది. ఇద్దరూ తిప్పడం మొదలుపెట్టారు. ఇద్దరు పట్టినాక రాయి చప్పుడు మారిపోయిందట. నున్నగా, ఆగకుండా... మా అమ్మ గడప మీదే గోడకు ఆనుకుని నిద్రపోయింది.

పొద్దున్నే యేసయ్య బండి వచ్చింది. వాకిట్లో నిలబడి, బిడ్డ చేతిలో మూట కోసం చూశాడు. రూతమ్మ చేతిలో వేరే సంచి ఉంది.

"నాయినా, నేను రాను. ఈ పిండి అమ్మకియ్యి. నేనే ఇసిరిన."

యేసయ్య సంచి మూతి విప్పి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. బిడ్డ తల్లి ఇసిరే పిండంత మెత్తగా ఉంది.

"ఒక్కదానివే ఇసిరినవా?"

రూతమ్మ తల తిప్పి చూసింది. తలుపులో యాదమ్మ నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు.

"గీ ఇంట్ల ఒక దయ్యం ఉన్నది లే," అంది రూతమ్మ. "అది ఒక చెయ్యి వేసింది."

యేసయ్య ఆమె ముఖంలోకి చూశాడు, బిడ్డ ముఖంలోకి చూశాడు. ఇక్కడ దిగబెట్టిన రోజు తడిసి ఉన్న బిడ్డ కళ్ళు ఇప్పుడు పొడిగా కనపడ్డాయి.

"అన్నం గూడ పెడ్తదా అది?"

"తినెదాక లేవనియ్యదు."

యేసయ్య సంచిని బండిలో భద్రంగా పెట్టి, ఎడ్లను మలిపాడు.

"అయితే ఉండు బిడ్డా," అన్నాడు.