కాకి ముట్టని పిండం

దీపాలు పెట్టే వేళకి వాన మొదలైంది. కరెంటు వెంటనే పోయింది. చినుకు పడ్డాక కూడా ఉంటే అది తణుకు చుట్టుపక్కల కరెంటే కాదు. మాణిక్యాంబ వీధరుగు మీద కూర్చుని మనవరాలు దుర్గకి జడ వేస్తోంది. పక్కనే పడక్కుర్చీలో భర్త సత్తిరాజు కునికిపాట్లు పడుతున్నాడు.

మహేంద్ర అన్న పేరుతో పెరిగిన ఆ పిల్ల, "నేను ఆడపిల్లని" అని చెప్పిన రోజునే తండ్రి ఇంట్లోంచి గెంటేశాడు. తాతా మామ్మా తెచ్చుకుని పెంచుకుంటున్నారు. నాగదుర్గ అన్న పేరు మామ్మే పెట్టింది. రాజమండ్రి డాక్టరు దగ్గరికి తాతే మోపెడ్ మీద తీసుకెళ్తాడు. పాత పేరు మాత్రం ముసలాయన నోట్లోంచి ఇంకా జారుతూనే ఉంటుంది. జారినప్పుడల్లా నాలిక కరుచుకుంటాడు.

ఇందాకే ఆ తండ్రి, మాణిక్యాంబ కొడుకు శివరామకృష్ణ వచ్చి వెళ్ళాడు. గుండు చేయించుకున్నాడు. గేటు దాటి లోపలికి రాలేదు.

"కొవ్వూరు రేవులో మహేంద్రకి ఘటశ్రాద్ధం చేసేశానమ్మా. నా వరకు వాడు పోయాడు."

"బతికున్న పిల్లకి పిండం పెట్టావా?"

"పెట్టాను. ఎంతసేపు చూసినా కాకి ముట్టలేదు. బతికున్న పిల్లలకి పెట్టినవేవీ ముట్టదట, ఆ రేవులో అందరూ వదిలేసినట్టే గోదాట్లో వదిలేశాను."

అంతే, కారెక్కి భీమవరం బయల్దేరాడు. మాణిక్యాంబకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. దువ్వెన తీసుకుని పిల్లని పిలిచింది.

"పోనీలే మామ్మా, ఆ పేరుకేగా పెట్టారు," అంది దుర్గ నవ్వబోతూ.

పెరటి వైపు నుంచి తడి నువ్వుల వాసన వచ్చింది. వెనకే ఉడికిన అన్నం, ఏటి బురద కలిసిన వాసన.

"మామ్మా..."

పెరటి తలుపు అవతల, చిన్న పిల్లాడి గొంతు. మాణిక్యాంబ వేళ్ళు జడలోనే ఆగిపోయాయి.

"మామ్మా... ఆకలేస్తోంది..."

దుర్గ ఆమె చెయ్యి పట్టుకుంది. "అది నా గొంతు మామ్మా... చిన్నప్పటిది," అంది గుసగుసగా.

"పలక్కు."

సంధ్యవేళ బయటి నుంచి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సత్తిరాజుకీ తెలుసు. కానీ సగం నిద్రలో ఉన్న మనిషికి పాత అలవాటే నోటికొచ్చింది.

"ఒరేయ్ మహేంద్రా, తడుస్తున్నావు. లోపలికి రారా!"

పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు. తర్వాత తడి అడుగులు... వంటింట్లో... హాల్లో...

దుర్గ నోరు తెరిచింది. ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఆ తెరిచిన నోట్లోంచి పిల్లాడి గొంతు వచ్చింది.

"మామ్మా, అన్నం పెట్టవా?"

ఆ గొంతంటే మాణిక్యాంబకి ప్రాణం. దాన్ని మళ్ళీ ఒక్కసారి వినాలని ఎన్నిసార్లు అనుకుందో దుర్గకి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి. మాణిక్యాంబ దుర్గని గుండెకి గట్టిగా అదుముకుంది.

"ఇది నా దుర్గ. ఇక్కడ నీకు చోటు లేదు నాన్నా. నీకు పిండం పెట్టినవాడు భీమవరం దారిలో ఉన్నాడు. వాడి దగ్గరికి పో."

కన్న కొడుకు గురించే ఆ మాట అన్నదని తెలిసే అంది.

వాసన పోయింది. దుర్గ ఒక్కసారిగా దగ్గి, ఏడ్చింది. తన గొంతుతోనే ఏడ్చింది. సత్తిరాజు నాలిక కరుచుకుని తల దించుకున్నాడు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"అమ్మా," శివరామకృష్ణ ఊపిరి తీసుకోలేకపోతున్నాడు. "కారు పక్కకి ఆపేశాను... వాడు నా ఒళ్ళో కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక అన్నం పెడతానన్నాను. అన్నం వద్దంటున్నాడు..."

తర్వాత మాట లేదు. వైపర్ల చప్పుడు మాత్రం వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది. మాణిక్యాంబ ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. అవతల ఎవరో కారు అద్దాన్ని తడుతున్నారు. ముందు ఒక చెయ్యి... తర్వాత చాలా చేతులు, చప్పుడు వింటే అన్నీ చిన్నపిల్లలవే.