వెండి దండం మీద బొట్టు

కాలేబ్ చేతిలోంచి టీ కప్పు జారింది. ఆ వెంటనే కాలేబ్ కూలాడు. మెడలో విషపు సూది!

ఐసెలిన్, ఓక్ ట్రీ రోడ్, విదేశంలో మనవాళ్ల నగల షాపుల వీధి. నిఘా కోసం పట్టుచీరలో పెళ్లికూతురి వేషం వేసిన క్రిస్టీకి ఏడవడానికి కూడా టైమ్ లేదు. చెవిపోగులో చీఫ్ జితేందర్ గొంతు.

"నీ పార్ట్‌నర్ పోయిండు. మిషన్ నీదే. సెయింట్ ఒరెల్ యాదుందా?"

"కరీబియన్ ఐలాండ్ సార్. సొంత అసెంబ్లీ, సొంత ప్రీమియర్. పైన మాత్రం సముద్రం అవతలి పాలకులు దింపిన గవర్నర్."

"రేవు మొత్తం ఫారిన్ ముఠాకి రాసిచ్చే బిల్లు సాయంత్రం ఓటింగ్‌కొస్తది. వెండి రాజదండం టేబుల్ మీద లేకుంటే సభ మొదలే కాదు. అది రిపేర్‌కని నువ్వున్న రోడ్డు మీది జగన్మోహన్ వెండి షాపుకొచ్చింది. ముఠా దాని డూప్లికేట్‌లో బాంబు పెట్టింది. సభ పేలితే గవర్నర్ పాలనే. ఐలాండ్ ఖతం!"

క్రిస్టీ పరుగెత్తింది. షాపు ముందు ద్వీప ప్రభుత్వం కారు అప్పటికే స్టార్టయింది. వెనక సీట్లో పొడవాటి పెట్టె. పక్కనే ఎర్ర గౌన్‌లో రాగిణి. ఏజెన్సీ మనిషే, కానీ ఎవరి మనిషో ఎప్పుడూ డౌటే.

"ఒరిజినలే డార్లింగ్. స్కాన్ చేసుకో."

క్రిస్టీ గాజులోని స్కానర్ పచ్చగా వెలిగింది. క్లీన్! డ్రైవర్ గేర్ వేశాడు. ఆమె మూత తెరిచింది. దండం తళతళలాడుతోంది. మరీ తళతళలాడుతోంది.

"బొట్టేదీ?"

"వాట్?"

"జగన్మోహన్ అంకుల్ ఏ వస్తువైనా కుంకుమ పెట్టకుండా షాపు దాటించడు. చర్చికెళ్లేదాన్ని, నా సిలువ గొలుసుకే పెట్టాడు! ఏజెన్సీ స్కానర్‌ని నువ్వు మాయ చేయగలవు, బొట్టుని కాదు."

రాగిణి చెయ్యి రిమోట్ మీదికి వెళ్లింది. క్రిస్టీ మోచేయి అంతకంటే ముందే ఆమె దవడకి తగిలింది. అసలు దండం రాగిణి చీరల బ్యాగ్‌లో దొరికింది, బొట్టుతో సహా. కారు దాన్ని తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి దూసుకుపోయింది.

బేడీలు పడ్డా రాగిణి నవ్వుతూనే ఉంది. "పిచ్చి మొహమా, బాంబు ప్లాన్ బి. డబ్బు తిన్న మెంబర్లు మాట తప్పితేనే నొక్కాలి."

"తప్పకపోతే?"

"లైవ్ చూడవే."

సాయంత్రం క్రిస్టీ ఫోన్‌లో లైవ్ చూసింది. టేబుల్ మీద దండం. ఒక్కో చెయ్యీ లేస్తోంది. బిల్లుకి అనుకూలంగానే. లేవనిది ప్రీమియర్ చెయ్యి ఒక్కటే. బిల్లు మీద సంతకానికి గవర్నర్ పెన్ను తీశాడు.

"కాలేబ్ దేనికోసం చచ్చిపోయాడు సార్?"

చెవిపోగులో కీబోర్డ్ చప్పుడు, జితేందర్ గొంతు. "రిపోర్ట్‌ల ఏం రాయమంటవ్?"

"సక్సెస్ అని రాయండి. దండానికి గీత కూడా పడలేదు."