రెండు వేళ్ల పొడుగు

మధ్యాహ్నం భోజనాలయ్యాక నిచ్చెన వంటింటి తలుపు దగ్గర గోల మొదలుపెట్టాడు.

"ఇది తొండి! ఆపరేషన్‌తో పెరిగితే లెక్కలోకి రాదు!"

తలుపు మీద రెండు పెన్సిల్ గీతలున్నాయి. ఒకటి నిచ్చెనది, రెండోది వాడి కవల అక్క చిట్టిది. ఇన్నాళ్లూ వాడి గీతే పైన ఉండేది. బడిలో బీరువా మీది డస్టర్ అందేది వాడికే కాబట్టి నిచ్చెన అని పేరు పడిపోయింది. ఆ పేరంటే వాడికి ప్రాణం. ఇప్పుడు చూస్తే చిట్టి గీత రెండు వేళ్లు పైకి పోయింది.

చిట్టి వెన్నెముక ఒక పక్కకి వంగి ఉండేది. ఏటేటా వంకర ఎక్కువవుతుంటే డాక్టరుగారు ఆపరేషన్ చేశారు. రాడ్లు, స్క్రూలు పెట్టి వెన్నెముకను సరిచేశారు. ఆ ఎముకలన్నీ కలిసి ఒకటిగా అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అందాకా నడుము వంచకూడదు, మెలి తిప్పకూడదు, బరువెత్తకూడదు.

ఆపరేషన్‌కి ముందే ఫిజియోథెరపిస్టు ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పింది. మంచం మీద పక్కకి తిరగాలంటే భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి తిరగాలి, దుంగ దొర్లినట్టు. చిట్టికన్నా నిచ్చెనే ఎక్కువ దొర్లాడు. దొర్లి దొర్లి మంచం మీంచి కింద పడ్డాడు కూడా. అప్పుడే పనులు పంచుకున్నారు. జడ వేయడం అమ్మ వంతు, మందులివ్వడం నాన్న వంతు, కింద పడినవి తీసివ్వడం నిచ్చెన వంతు.

"ఇంతేనా? చిటికెలో పని!" అన్నాడు వాడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో బాగానే చేశాడు. దువ్వెన పడితే పరుగు, దిండు పడితే పరుగు. ఆ కొత్త గీత పడ్డాక మాత్రం మూతి ముడుచుకున్నాడు.

ఆ సాయంత్రం చిట్టి బల్ల దగ్గర నిలబడి బొమ్మకి రంగులు వేస్తోంది. ఎర్ర పెన్సిల్ దొర్లి కింద పడింది.

"తమ్ముడూ, కొంచెం తీసివ్వవా?"

నిచ్చెన సోఫాలోంచి కదల్లేదు. "పొడుగువాళ్లకి చేతులు కూడా పొడుగేగా. నువ్వే తీసుకో."

"అమ్మ స్నానానికెళ్లింది రా. ప్లీజ్."

"ఉహూఁ."

చిట్టికి ఒళ్లు మండింది. అంతకన్నా బతిమాలడం ఆ పిల్లకి చేతకాదు. బల్ల అంచు పట్టుకుని వంగింది. సగంలోనే "అమ్మా!" అని కేక పెట్టి అలాగే ఆగిపోయింది. లేవలేకపోయింది. ముఖం పాలిపోయింది.

నిచ్చెన సోఫాలోంచి దూకాడు. పరుగెత్తాడు కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. వాడి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. అమ్మ తడిజుట్టుతోనే పరుగెత్తుకొచ్చి చిట్టిని మెల్లగా నిలబెట్టి, డాక్టరుగారికి ఫోన్ చేసింది. వెంటనే తీసుకురమ్మన్నారు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే గది తలుపు మూసుకుంది. నిచ్చెన బయట బెంచీ మీద కూర్చున్నాడు. స్క్రూ కదిలితే మళ్లీ ఆపరేషన్ చేస్తారేమోనని కబురంది వచ్చిన నాన్న మెల్లగా అనడం వాడి చెవిన పడింది.

"వంగొద్దని ఎన్నిసార్లు చెప్పాం! ఈ పిల్ల చెబితే వినదు," అంది అమ్మ.

నోరు మూసుకు కూర్చుంటే తిట్లన్నీ చిట్టికే పోతాయి. ఆ సంగతి వాడికి తెలుసు.

"అక్క నన్ను అడిగిందమ్మా," అన్నాడు చివరికి. "నేనే లేవలేదు. నాకన్నా పొడుగైందని కోపమొచ్చింది."

అమ్మ వాడి వైపు ఒక్కసారి చూసి, మళ్లీ ఎక్స్‌రే గది తలుపు వైపు తిరిగింది. తిట్టినా బాగుండేదనిపించింది వాడికి.

కాసేపటికి డాక్టరుగారు అందరినీ లోపలికి పిలిచారు. తెర మీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టారు.

"రాడ్లు, స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కండరం పట్టేసిందంతే. విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుంది," అన్నారు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. నిచ్చెన తెర వైపే చూస్తున్నాడు. పాత ఎక్స్‌రేలో వెన్నెముక మెలికలు తిరిగి ఉంది. కొత్తదాంట్లో నిటారుగా నిలబడింది.

"డాక్టరుగారూ, మా అక్కకి ఎంత పొడుగు అతికించారు?"

డాక్టరుగారు నవ్వారు. "మేమేం అతికించలేదు బాబూ. ఆ వంకరలో చిక్కుకుపోయిన పొడుగే బయటికొచ్చింది. అదంతా మీ అక్కదే."

అంటే వంకరే లేకపోతే ఇన్నాళ్లూ డస్టర్ తీసేది అక్కే అన్నమాట. ఆ లెక్క నిచ్చెనకి బొత్తిగా నచ్చలేదు. కానీ ఎదురుగా తెర మీద కనిపిస్తుంటే కాదనేదెలా?

కొన్ని వారాలకి చిట్టి మళ్లీ బడికొచ్చింది. ఇద్దరి సంచులూ నిచ్చెన భుజాలకే ఉన్నాయి. ఉదయం పిల్లలంతా వరుస కట్టారు, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. అలవాటు ప్రకారం చిట్టి తమ్ముడి ముందు నిలబడబోయింది.

"అక్కా, ఆగు. నువ్వు నా వెనక," అని వాడు ముందుకొచ్చాడు.

"ఒరేయ్ నిచ్చెనా, నువ్వు చివర కదా! ముందుకెళ్లావేంట్రా?" అన్నాడు పక్క వరుసలోవాడు.

"మా అక్క నాకన్నా పొడుగు," అన్నాడు నిచ్చెన గట్టిగా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అందరూ కిలకిలా నవ్వారు. ఆ నవ్వుల మధ్యే వెనక చిట్టి నీళ్లసీసా జారి పడిన చప్పుడైంది. చిట్టి నోరు తెరిచేలోపే నిచ్చెన రెండు సంచులతోనూ వంగి, సీసా ఆమె చేతికిచ్చాడు.