పారేసిన మాత్రలు

"తాటిపాకలో ముగ్గురు పోయారు. ముగ్గురూ ఆ కొత్త మోకాళ్ల నొప్పుల మాత్ర వేసుకున్నవాళ్లే. కేసు రిపోర్టులు పంపిన డాక్టర్ని నిన్న లారీ గుద్దేసింది." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "డేటాబేస్‌లో అదే మాత్ర మీద ఇంకో ఆరొందల దుష్ఫలితాల రిపోర్టులున్నాయి. అన్నీ 'కాస్త తలనొప్పి, తగ్గింది' అనే. ఆ రద్దీలో మూడు చావులు ప్రమాద సిగ్నల్‌గా పైకి తేలడంలేదు. ఆ ఆరొందలూ నకిలీవని తేలితేనే క్యాంపు ఆపగలం."

ఓడలరేవు మెడికల్ క్యాంపులో నర్సు వేషంలో ఉన్న ఏజెంట్ లక్ష్మీతులసి క్యూ వంక చూసింది. ఊళ్లో మోకాళ్లన్నీ అక్కడే ఉన్నాయి. విదేశీ ముఠా తన దేశంలో చెల్లని సరుకును ఇక్కడ ఉచితంగా పంచుతోంది. మొదటి మాత్ర అక్కడే మింగాలట.

క్యాంపు మేనేజర్ హారిక నల్లకళ్లద్దాలతో, పట్టుచీరతో వచ్చింది. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి.

"సముద్రం ఎలా ఉందండీ?" తులసి కోడ్ పలికింది.

"పోటు తగ్గిందండీ. రిపోర్టులన్నీ నేనే చెక్ చేశాను. క్లీన్."

తులసి ఫోన్‌లో రిపోర్టులు తిప్పింది. ప్రతిదాని చివరా ఒకే వాక్యం: 'మిగిలిన మాత్రలు పారేశారు.'

తులసి రాజోలులో పుట్టింది. పడని మాత్ర పక్కింటికి వెళ్తుంది, అక్కడా పడకపోతే వియ్యాలవారింటికి వెళ్తుంది. కోనసీమలో మాత్ర చెత్తబుట్టకు వెళ్లగా ఆమె చూడలేదు. ఆరొందల మంది పారేశారట! అమలాపురం పిల్ల హారికకు ఈ సంగతి తెలియదా?

"సర్, ఆ వాక్యం ఉన్నవన్నీ తీసేసి లెక్కెయ్యండి. హారిక అమ్ముడుపోయింది."

క్యూలో ముందున్న నూకాలమ్మ మాత్ర నాలుక మీద పెట్టుకుంది. హారిక బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన సూది మెరిసింది. తులసి బీపీ మిషన్ పట్టీని ఆమె మణికట్టుకు చుట్టి ఒక్క లాగు లాగింది. లిప్‌స్టిక్ ఇసుకలో పడింది.

నూకాలమ్మ గ్లాసు ఎత్తింది.

"సిగ్నల్ వచ్చింది తులసీ! ఆపెయ్!" చెవిలో చీఫ్ అరిచాడు.

"ఉమ్మెయ్యండి మామ్మగారూ!"

మాత్ర ఇసుకలో పడింది.

హారికను జీపు ఎక్కించాక మాత్రల పెట్టెలకు సీలు వేస్తుంటే నూకాలమ్మ దగ్గరికొచ్చింది.

"ఇయ్యి మింగితే నిజంగా పోతారాండీ?"

"ఆయ్, పోతారండీ. అన్నీ తగలబెట్టేస్తాం."

ముసలమ్మ పెట్టెల వంక చూసింది.

"ఒక్కటి ఉంచండి. మా వియ్యపురాలిక్కూడా మోకాళ్ల నొప్పులేనండీ."