వచ్చి అంట్లు తోమమనండి

ఆదివారం సాయంత్రం. బయట సన్నటి వాన. భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, జీతాలొచ్చినా బుద్ధి రాని ముగ్గురు పాచికలు ముందేసుకుని మంత్రాల గురించి తగువులాడుతున్నారు. కథ అల్లుకుంటూ ఆడే ఆటట. అందులో మంత్రగత్తె ఆ ఇంటావిడ కూతురే. పగలు పళ్ల డాక్టరు. ఇంకొకడు ఆటలో దొంగ. ఆట నడిపే గడ్డం వాడికి ఇంటావిడ పెట్టిన పేరు జడ్జిగారు.

తగువల్లా కూతురి మంత్రం గురించి. అది చచ్చినవాళ్లలో ఒకరిని పనికి పిలుస్తుంది. ఇంటివాళ్లు రమ్మని పని చెప్పాలి. పనయ్యాక ఆ వచ్చింది తన కూలి తనే ఎంచుకుని పోతుంది. పుస్తకంలో అంతే ఉంది.

"ఇంటివాళ్లంటే కథలోని ఇంటివాళ్లు," అన్నాడు జడ్జిగారు.

"అలాగని ఎక్కడుంది? ఈ ఇంటివాళ్లయినా చెల్లుతుంది," అంది కూతురు.

గంట నుంచీ ఇదే గోల. తేలకపోతే ఆటలో లేనివాళ్లను అడగడం వాళ్ల ఆనవాయితీ.

"ఆంటీ, మీరే తేల్చండి. దాన్ని రమ్మందామా?"

ఆమె టీ కప్పులు బల్ల మీద పెడుతోంది. లోపల సింకు నిండా వాళ్లు తిన్న ప్లేట్లే. ఒళ్లు మండింది.

"రమ్మనండి నాయనా. వచ్చి ఆ అంట్లు తోమమనండి. మీకంటే చచ్చినవాళ్లే నయం."

ముగ్గురూ పగలబడి నవ్వారు. జడ్జిగారు పాచిక విసిరాడు. "వచ్చేసింది!"

వంటింట్లో కుళాయి తిరిగింది.

నవ్వు ఆగింది. నీళ్ల చప్పుడు... ఆపైన పీచుతో రుద్దుతున్న చప్పుడు... నిదానంగా, శ్రద్ధగా. తడిమట్టి వాసన గుమ్మం దాటి వచ్చింది.

"అమ్మా... లోపల ఎవరు?"

"నోర్ముయ్. ఏమయ్యా, దీన్ని పంపెయ్యడం ఎలా?"

జడ్జిగారు గబగబా పేజీలు తిప్పాడు. "పనయ్యాక అదే పోతుందాంటీ."

"మరి కూలి?"

"ఏదైనా... ఎవరైనా... రాయలేదు."

"వస్తువే అనుకుందాం," గొణిగాడు దొంగ.

అనుకుందామట!

చప్పుడు సన్నబడుతోంది. ఇక మిగిలింది రెండు గ్లాసులో, మూడో. ఆమె అలమరలోని శుభ్రమైన ప్లేట్లన్నీ లాగింది. గిన్నెలో మిగిలిన కూర వాటికి పులిమింది. వంటింట్లోకి వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని, సింకు వైపు చాచింది.

చల్లటి తడి వేళ్లు వాటిని మర్యాదగా అందుకున్నాయి.

పీచు చప్పుడు మళ్లీ మొదలైంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో సింకు ఖాళీ అయింది లేదు. ఒకప్పుడు చెంచా మురికిగా ఉంటే ఇల్లు పీకి పందిరేసిన మనిషి, ఇప్పుడు లేచిన దగ్గర్నుంచీ కడిగిన గిన్నెలకే మసి పూస్తోంది.

మొన్న జడ్జిగారు ఫోన్ చేశాడు. "మళ్లీ చర్చించామాంటీ. కూలిలోకి మనుషులు రారని తేల్చేశాం."

"దానికి చెప్పావా?" అని పెట్టేసింది.

ఇవాళ పొద్దున ప్లేట్లు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటికి ఎడంగా, మడతపెట్టిన మెత్తటి గుడ్డ మీద, కూతురి జడ క్లిప్పు. ఆమె దాన్ని సింకులో వేయలేదు.

శుభ్రంగా కడిగి, తుడిచి... ఎంచుకున్నట్టు విడిగా పెట్టి ఉంది.