చలివేంద్రానికి రాని ఇల్లు

ఉదయం ఆరు గంటలకు మహాదేవమ్మ వాకిట్లో, కూడలిలో తాను నడిపే చలివేంద్రం కుండలు కడుగుతోంది. కోడలు శివజ్యోతి మెట్టు మీద కూర్చుని ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో సర్దుకుంటోంది. ఆత్మకూరు దగ్గరి ఆ ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలై అయిదు రోజులైంది. ఇరవై ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు. అధికారులు వచ్చి, వీధుల్లో బ్లీచింగ్ పొడి చల్లించి, ఫోటోలు తీయించుకుని వెళ్లారు. జబ్బు ఎక్కడి నుంచి వస్తోందని వారిలో ఒక్కరూ అడగలేదు.

శివజ్యోతి అడిగింది. మరో నలుగురు స్త్రీలను కూడగట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, రోగులకు పొట్లాలు కలిపి తాగిస్తూ, జబ్బు సోకిన ప్రతి గడప పక్కనా సుద్దముక్కతో గీత గీసింది. వీధి పొడవునా గీతలే. తమ ఇల్లు కాక, రామేశ్వరమ్మ ఇంటికి మాత్రమే లేదు. ఆ ఇంట్లో ఏడుగురు. వీధి అంతటికీ వచ్చే కుళాయి నీళ్లే వారికీ వస్తాయి. అయినా ఒక్కరికీ కడుపునొప్పి లేదు.

ఆ వింత ఏమిటో తేల్చుకోవాలని శివజ్యోతి వెళ్లి, వాళ్లు తిన్నదీ తాగినదీ ఒక్కొక్కటిగా అడిగింది. అన్నీ అందరి ఇళ్లలో ఉండేవే. చివరికి రామేశ్వరమ్మ దెప్పింది.

"అన్నీ తాగుతాండాం తల్లీ, మీ అత్త చలివేంద్రం నీళ్లు తప్ప. గోడ తగాదా అయినప్పటి నుంచి మీ చేతి నీళ్లు ముట్టి పదేండ్లాయె."

శివజ్యోతి వచ్చిన దారినే వెనక్కి నడిచి, గీత ఉన్న ప్రతి ఇంటినీ మళ్లీ అడిగింది. అందరూ ఆ నీళ్లు తాగినవారే. తియ్యగా ఉంటాయని బిందెలతో ఇంటికి తెచ్చుకున్నవారూ ఉన్నారు.

ఎనిమిదేళ్ల క్రితం మహాదేవమ్మ భర్త చేనుదారిలో వడదెబ్బకు పడిపోయి, నీళ్లందక చనిపోయాడు. నాటి నుంచి ప్రతి ఎండాకాలం ఆమె ఆయన పేరున చలివేంద్రంలో పెరటి బావి నీళ్లు పోస్తోంది. దానానికి తోడిన నీళ్లు ఇంటివారు ముట్టకూడదన్నది ఆమె నియమం; ఇంట్లో తాగేది కుళాయి నీళ్లే కాబట్టి వారికీ జబ్బు రాలేదు. మందు వాసన వస్తుందని ఆ బావిలో క్లోరిన్ బిళ్ల వేయనివ్వలేదు. పుణ్యానికి పరీక్ష అక్కరలేదని ఊరూ నమ్మింది. ఆ బావికి పన్నెండడుగుల దూరంలో, కొడుకు వీరేష్ ఉగాదికి ముందు తవ్వించిన మరుగుదొడ్డి గుంట ఉంది.

మధ్యాహ్నం శివజ్యోతి అత్తనూ భర్త వీరేష్‌నూ కూర్చోబెట్టి ఈ సంగతంతా వరుసగా చెప్పింది. అతని ముఖం కందగడ్డైంది. బావి మూసేద్దామన్నాడు. కుళాయి పైపు పగిలిందని చెబితే సరిపోతుందనీ, చచ్చిపోయిన నాయన పేరు బజారుకెక్కించవద్దనీ అన్నాడు.

"ఆ నీళ్లు ఇంకా జనం బిందెల్లో ఉండాయి," అంది శివజ్యోతి. "మనం చెప్పకుంటే ఈ పొద్దు కూడా తాగుతారు."

మహాదేవమ్మ గొంతు పెంచలేదు. "మీ మామ నోట్లో గుక్కెడు నీళ్లు పొయ్యలేకపోతిని. ఆ బాధకే పోస్తాండా. నా నీళ్లే జనాన్ని మంచాన పడేసినాయంటావా?"

"అవునత్తా."

ఆ ఒక్క మాటకు మెత్తదనం చేర్చడం శివజ్యోతికి చేతకాలేదు. మహాదేవమ్మ బావి వైపు తిరిగింది.

"రామేశ్వరమ్మ ఇంట్లో నిజంగా ఒక్కరికీ లేదా?"

"ఒక్కరికీ లేదు."

ఆమె లేచింది. కూడలికి వెళ్లి కుండలన్నీ తన చేతులతోనే ఒంపేసింది. తర్వాత కోడలి వెంట గీత గీసిన ప్రతి గడపా ఎక్కి, జబ్బు మా బావి నీళ్లదే, బిందెలు పారబోయండి అని చెప్పింది. కొందరు తిట్టారు. తలవంచుకుని విన్నది. ఆఖరున ఒక కొత్త కుండతో రామేశ్వరమ్మ వాకిట్లో నిలబడింది.

"మా నీళ్లలో రోగముండాది. మీ కుళాయి నీళ్లు కాచి ఒక కుండెడు పొయ్యి. ఎండ శానా ఉండాది, చలివేంద్రం ఖాళీగా ఉండగూడదు."

రామేశ్వరమ్మ కుండ అందుకుంది. కాచి చల్లార్చిన నీళ్లు నింపి, తానే మోసుకుంటూ కూడలి దాకా వచ్చింది.

కూడలిలో జనం దూరంగానే నిలబడ్డారు. ఎవరూ చేయి చాపలేదు. మహాదేవమ్మ గ్లాసు ముంచింది. ఎనిమిదేళ్ల నియమం పక్కనబెట్టి, కన్నీళ్లు జారుతుండగా, ఆ దానం నీళ్లు అందరికంటే ముందు తానే తాగింది.

రెండో గ్లాసుకు రామేశ్వరమ్మ చేయి చాపింది.